అందరికీ ఒకే నాన్న

నా ఉద్యోగం ఉంచాలో ఊడబీకాలో తేల్చే ముగ్గురినీ ఆ పొద్దున పై అంతస్తుకి ఎక్కించింది నేనే. ఆ లిఫ్టు నాది. నాదంటే, అందులో మూల స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కడం నా పని. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడమ్ ముందు ఎక్కింది. ఆవిడ వెనక లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడు. ఇద్దరికీ దారిస్తూ చివర మా ఎస్టేటు ఆఫీసరు గారు. నేను లేచి నిలబడి, నేర్పినట్టే గుడ్ మార్నింగ్ చెప్పి, ఏ ఫ్లోరు కావాలని ఇంగ్లీషులో అడిగాను. మేడమ్ ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది. నేను అరిచానని అప్పుడు గాని నాకు తెలియలేదు.

మేం ఇంగ్లీషు నేర్చుకున్నది పంపు మోటారు పక్కన. అక్కడ అరవకపోతే ఎవరి మాట వాళ్ళకే వినపడదు.

బిల్డింగు చేతులు మారింది. కొత్త యజమానులు వస్తూనే ఒక రూలు పెట్టారు. వచ్చేపోయేవాళ్ళ కంటబడే పనివాళ్ళందరూ ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలి, మాట్లాడలేనివాళ్ళు నెలాఖరుకి ఇంటికి పోవచ్చు. అంటే గేటు దగ్గరి వాచ్‌మన్లు, ఫ్లోర్లు తుడిచే అక్క, ప్లంబరు, లిఫ్టులో నేను. మిగతావాళ్ళకి ఇంకో గేటో ఇంకో కుళాయో దొరుకుతుంది. లిఫ్టు మీటలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఎవరి వేలితో వాళ్ళే నొక్కుకుంటున్నారు. నేను ఈ స్టూలు మీంచి లేస్తే నా కోసం ఇంకో స్టూలు ఎక్కడా లేదు.

మాకు నేర్పడానికి కంపెనీ ఒక టీచరమ్మని పెట్టింది. మా పెద్దమ్మాయి వయసుంటుంది. వచ్చిన మొదటి రోజే నన్ను బాబాయ్ గారూ అంది. ఊరికే వరస కలిపేవాళ్ళంటే నాకు పడదు. ఈ బిల్డింగులో నాతో వరస కలిపిన ప్రతివాడూ ఆ తర్వాత మూట ఏదో ఒకటి మోయించాడు.

క్లాసు బిల్డింగు అడుగున, కార్లు పెట్టే చోటు దాటాక, పంపు రూములో. టీచరమ్మ బోర్డుని నీళ్ళ పైపులకి ఆనించేది. పైన ట్యాంకు నింపే వేళా మా క్లాసు వేళా ఒకటే కావడంతో ఆ పిల్ల గొంతు చించుకునేది, మేమూ చించుకునేవాళ్ళం.

అన్నిటికంటే ముఖ్యం సెల్ఫ్ ఇంట్రడక్షన్ అని చెప్పింది. మొట్టమొదట అదే అడుగుతారట, అది గడగడా అప్పజెప్పగలిగితే సగం గట్టెక్కినట్టేనట. ఉదాహరణకి నా సంగతే వినండి అని తన గురించి చెప్పింది. నా పేరు ఫలానా, నేను ఫలానా పని చేస్తాను, నా చిన్నతనంలోనే మా నాన్న పోయాడు, మా అమ్మ బట్టలు కుట్టి మమ్మల్ని పెంచింది, కష్టపడటం నాకు అలవాటే, అవకాశమిస్తే కంపెనీకి మంచి పేరు తెస్తాను. అంతా ఇంగ్లీషులో. మా కోసం ఆ ఇంగ్లీషునే తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసింది. ఇందులో ఎవరి సంగతులు వాళ్ళు పెట్టుకోండి అంటుండగానే మోటారు అందుకుంది.

మేం పెట్టుకోలేదు. పేరు మార్చాం, పని మార్చాం. నాన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ చెయ్యాడలేదు. పాసయ్యే జవాబు అదేనేమో, అందులో వేలు పెడితే ఏం చెడుతుందోనని భయం. వారం తిరిగేసరికి ఆ పంపు రూములో కూర్చున్నవాళ్ళందరి నాన్నలూ పోయారు. అందరి అమ్మలూ మిషను తొక్కుతున్నారు.

టీచరమ్మ గమనించకపోలేదు. ప్లంబరు వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. ఆ ముక్క వాడి చేత చెప్పించాలని ఒక పూటంతా కూర్చోబెట్టింది. వాడు "మై ఫాదర్ ఈజ్" దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఆ తర్వాతి వాక్యం పోయేది, దాని వెనకదీ పోయేది, చివరికి తన పేరు దగ్గర కూడా తడబడ్డాడు. నాన్నని బతికించబోయినవాళ్ళందరూ నత్తి కొట్టారు. పోయినవాణ్ణి పోయినట్టే వదిలేసినవాళ్ళు చివరిదాకా సాఫీగా వెళ్ళిపోయారు. ఇంటర్వ్యూ ముంచుకొస్తోంది. ఆవిడా విసిగి వదిలేసింది. కాని మాలో ఎవరు ఆ వాక్యానికి వచ్చినా బోర్డు వైపు తిరిగి, తుడిచిన చోటే తుడుస్తూ నిలబడేది.

ప్లంబరు నోరు ఊరుకోదు. "అన్నా, మా నాన్న తుమ్మినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటోంది. నా ఇంగ్లీషు గాని తగల్లేదు కదా?" అనేవాడు.

నాకు అలాంటి బెంగేమీ లేదు. నా నోట్లో అన్నిటికంటే నున్నగా జారే వాక్యం అదే. మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్ ఇన్ మై చైల్డ్‌హుడ్.

మా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళకి వంకలు పెడుతుంటాడు. ఆయనా ఈ బిల్డింగులోనే, ఈ లిఫ్టే నడిపాడు. అప్పట్లో దానికి చేత్తో లాగే ఇనప జల్లెడ తలుపు ఉండేది. ఒక రోజు అందులో చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయి. నేనప్పుడు ఏడో తరగతి, పరీక్షలు నడుస్తున్నాయి. ఆయన కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని ఇంటికొచ్చి, స్టూలు ఖాళీగా ఉంటే ఇంకెవడో కూర్చుంటాడు, నాకు నయమయ్యేదాకా నువ్వెళ్ళి కూర్చోరా అన్నాడు. ఆయనకి నయమైంది. నేను లేవలేదు. లేవమని ఆయనా అనలేదు.

అందుకే ఇంట్లో పాఠం వల్లెవేసేటప్పుడు ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించేవాణ్ణి కాదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఫాదర్ అన్నది మాత్రం తెలుసు. నా గురించేమిట్రా అని ఒకసారి అడిగాడు. పాఠంలో ఉంది, చెప్తున్నాను అన్నాను. మంచిగా చెప్పు అన్నాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. పిల్లల చదువులు వినీ వినీ ఆవిడకి ఆ మాత్రం తెలుసు.

ఇంటర్వ్యూకి పై అంతస్తు వరండాలో కుర్చీలు వేశారు. వాచ్‌మన్లు ఇద్దరూ ముందు వెళ్ళారు, వెళ్ళినంత తొందరగానూ వచ్చేశారు. ఒక్క తప్పు పోలేదు, వాళ్ళు తిరిగి ఒక్క మాట అడగలేదు అని మురిసిపోతూ కిందికి దిగిపోయారు. తర్వాత ప్లంబరు. తలుపు మూసి ఉన్నా వాడి గొంతు వరండా చివరిదాకా వినపడింది. నాన్న పోయిన చోట లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

వాడు బయటికొచ్చాక ముఖంలో వేళాకోళం లేదు.

"తేడా కొట్టిందన్నా. నాన్న అనగానే ఆ కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది."

"ఆఫీసరు గారు?"

"ఆయనా? తలెత్తితే ఒట్టు."

అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో తెలీదు. ఆఫీసరు గారు ఆ రోజుల్లో ఇక్కడే గుమాస్తా. లిఫ్టు తలుపులోంచి మా నాన్న చెయ్యి లాగినవాళ్ళలో ఆయనొకడు. నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టిందీ ఆయనే. మొన్నీమధ్య నాన్న ఇటువైపొస్తే పిలిచి కుర్చీ వేసి టీ ఇప్పించాడు. ఇప్పుడు నేను వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడని చెప్పాలి.

చెప్పకపోతే? కళ్ళు మూసుకుని నాన్నని బతికించి చూశాను. మై ఫాదర్ ఈజ్. అంతే, ముందున్నది లేదు, వెనక ఉన్నది లేదు. కష్టపడటం అలవాటన్న వాక్యం ఎక్కడ మొదలవుతుందో కూడా గుర్తు రాలేదు.  

ఫ్లోర్లు తుడిచే అక్క వంతు వచ్చింది.

అక్క సంగతి వేరు. మాలో ఆ వాక్యం దగ్గర రోజూ ఆగిపోయేది ఆవిడొక్కతే. వాళ్ళ నాన్న లారీలకి బస్తాలెత్తేవాడు. ఆవిడ పలక పట్టే వయసులో ఆ బస్తాలే మీద పడి పోయాడు. తల్లి జాకెట్లు కుట్టి ముగ్గుర్ని సాకింది. టీచరమ్మ బోర్డు మీది పాఠానికి అర్థం చెప్పిన రోజున అక్క నా వైపు వంగి, "ఇది నా సంగతి తమ్ముడూ, ఈ పిల్లకెవరు చెప్పారు?" అని అడిగింది. మేమందరం నీళ్ళు తాగినట్టు చెప్పేసే మాట ఆవిడకి గొంతులో అడ్డం పడేది.

లోపలా అడ్డం పడింది. ఆవిడ గొంతు ఆగిపోవడం విన్నాను. ఇంగ్లీషులో ఏదో ప్రశ్న. అక్క యెస్ మేడమ్ అంది. కాసేపటికి ఆఫీసరు గారు తెలుగులో, ఇంక చాల్లేమ్మా వెళ్ళు, అనడం వినపడింది.

ఆవిడ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఏమైందక్కా అని అడిగాను.

"మధ్యలో ఆపేశారు. ఆవిడేదో అడిగింది, నాకు తెలీలేదు, యెస్ అన్నాను. అందరూ కూడబలుక్కునే వచ్చారా అని అడిగిందట. ఆఫీసరు గారు తర్వాత చెప్పాడు." కొంగుతో మెడ తుడుచుకుంది. "మా నాన్న పోయాడంటే నవ్వారు తమ్ముడూ."

 లోపల్నించి నన్ను పిలిచారు.

గది చల్లగా ఉంది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మేడమ్ కూర్చోమని చెయ్యి చూపించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. నో స్టోరీ. ట్రూ. ఓకే? కుర్రాడు అప్పుడే పెదాలు బిగించుకుని ఉన్నాడు, నవ్వుకి ముందుగానే సిద్ధంగా. ఆఫీసరు గారు బల్ల మీద గీతలు చూస్తున్నారు.

మొదలుపెట్టాను. పేరు వచ్చింది. లిఫ్టు ఆపరేటరు వచ్చింది. దాని వెనకే ఆ వాక్యం వచ్చి నాలిక చివర నిలబడింది. దాన్ని వదిలేస్తే మిగతావన్నీ దాని వెంటే బయటికొస్తాయి, పని అయిపోతుంది. "మై ఫాదర్," అన్నాను. ఆఫీసరు గారు తలెత్తారు. తప్పుపట్టే చూపు కాదు. ఊరికే చూశారు, చెప్పేది వింటానన్నట్టు.

ఆగిపోయాను.  క్లాసులో టీచరమ్మ మా నెత్తిన కొట్టినట్టు చెప్పిన మాట ఒకటుంది, ఏం చేసినా సరే ఊరుకోవద్దు, ఊరుకుంటే రాదనుకుంటారు. నేను ఊరుకున్నాను. మేడమ్ పెన్ను తీసుకుంది. నా పేరు ఎదురుగా ఆవిడ ఏదో రాయడానికి వంగింది.

"మై ఫాదర్ నో ఎక్స్‌పైర్," అన్నాను.

పెన్ను ఆగింది.

"హౌస్‌లో… హౌస్. హీ ఈజ్ హౌస్. సిట్టింగ్."

కుర్రాడు నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. ఏం చేస్తాడని అడిగింది. ఆ ప్రశ్న నాకు తెలుసు. నథింగ్ అన్నాను. ముందు లిఫ్టు అన్నాను. ఏ లిఫ్టన్నది చెప్పడానికి మాట దొరక్క వేలితో తలుపు వైపు చూపించాను. దిస్ లిఫ్ట్. ఆవిడ ఆఫీసరు గారి వైపు చూసింది. ఆయన ఔనన్నట్టు తలూపి, తన రెండు వేళ్ళు మడిచి చూపించారు.

"హిజ్ హ్యాండ్ కట్," అన్నాను. "మై స్కూల్ కట్."

ఆవిడ ఏదో పొడుగ్గా అడిగింది. ఒక్క ముక్క అందలేదు. ఇలాంటప్పుడు నవ్వి యెస్ మేడమ్ అనాలని మాకు నేర్పారు. అక్కని ముంచింది ఆ యెస్సే. నాకు అర్థం కాలేదని చెప్పాను. ఇంటర్వ్యూలో ఎప్పుడూ అనగూడదన్న మాట అది. ఆవిడ ఇంకోలా అడిగింది, ముఖం కోపంగా పెట్టి చూపించి మరీ. ఆయన మీద కోపమా అని.

"యెస్. ఎవ్రీ డే."

ఆవిడ ముందుకు వంగింది. ఇంకో ప్రశ్న, దాని మీద ఇంకోటి. సగం అర్థమయ్యాయి, సగం మళ్ళీ అడిగించుకున్నాను. నా వాక్యాలకి తలా లేదు తోకా లేదు. చెమట కళ్ళలోకి దిగుతుంటే తుడుచుకుంటూ చెప్పాను. అరుస్తున్నానని గుర్తొచ్చి మధ్యలో గొంతు తగ్గించాను. చివరికి ఆవిడ చాలు, థాంక్యూ అంది. ఆఫీసరు గారు నాకు కళ్ళతోనే వెళ్ళమని చెప్పారు. ఆ చూపులో ఉద్యోగం ఉందని తెలిసిపోయింది. తలుపు తీసుకుని వెళ్ళిపోవడమే.

గొళ్ళెం మీద చెయ్యి వేశాను. బయట అక్క ఉంది.

"మేడమ్," అన్నాను. "బిఫోర్ లేడీ. హర్ ఫాదర్ ట్రూ ఎక్స్‌పైర్."

"నీ పని అయింది కదా," అన్నారు ఆఫీసరు గారు తెలుగులో, మెల్లిగా. "దాన్ని చెడగొట్టుకోకు."

ఆ మాట మేడమ్‌కి అర్థం కాలేదు గాని నాకు బాగా అర్థమైంది. ఇప్పుడు నోరు మూసుకుంటే స్టూలు నాది. ఇంకాసేపు మాట్లాడితే ఎవడో ఒకడికి నేను అందరి తరఫునా అబద్ధాలు చెప్పడానికొచ్చినవాడిలా కనపడతాను. కుర్రాడు అప్పటికే అడుగుతున్నాడు. నిజమైతే అందరూ అవే మాటలు ఎందుకు చెప్పారని. ఆఫీసరు గారు తెలుగులో చెప్పేదాకా నేను ఆగాను. దానికి జవాబు నా ఇంగ్లీషులో లేదు.

"ఆ టీచరమ్మ వాళ్ళ నాన్న పోయాడు సార్. ఆవిడ తన సంగతి చెప్తే మేం దాన్నే నేర్చేసుకున్నాం. మార్చుకోమనే చెప్పింది. నాన్నల్ని మార్చుకునేంత ఇంగ్లీషు మాకు రాలేదు. అక్కకి మార్చుకోవాల్సిన పని లేకపోయింది. వాళ్ళ నాన్న నిజంగానే పోయాడు. మావాళ్ళ తర్వాత చెప్పబట్టి ఆవిడది కూడా అబద్ధమైపోయింది."

ఆఫీసరు గారు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్తుంటే నేను మేడమ్ ముఖమే చూస్తున్నాను. అందులో ఏమీ తెలియలేదు. కుర్రాడు మాత్రం లాప్‌టాప్ మూత సగం దించి మళ్ళీ ఎత్తాడు. ఆవిడ ఒక్క మాట అంది. అక్కని మళ్ళీ పిలవమని.

అక్క లోపలున్నంతసేపూ నేనూ ప్లంబరూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆవిడ మళ్ళీ మొదట్నించీ అదే పాఠం ఎత్తుకుంది. ఆవిడ దగ్గరున్నది అదొక్కటే. ఆ వాక్యం దగ్గర ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, చాలనలేదు. చాలాసేపటికి మిగతా సగం కూడా వినపడింది.

బయటికొచ్చాక ఏమడిగారక్కా అన్నాను.

"మా నాన్న పేరు అడిగారు. చెప్పాను." నా వైపు తిరిగింది. "మా నాన్న పోయాడని చెప్పడానికి మనిషివి నువ్వే దొరికావా? మీ నాన్న నిక్షేపంలా ఉండగా?"

"నాకు అదొక్కటే వచ్చక్కా."

"నీ మొహం," అని, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఆఫీసరు గారు కిందికి దిగి చెప్పారు. నేను ఉంటాను, అక్క ఉంటుంది. కుళాయిలు ఇంగ్లీషులో కారవని మేడమ్‌కి ఎవరో నచ్చజెప్పడంతో ప్లంబరూ ఉంటాడు. ఒక్క తప్పూ పోకుండా చెప్పిన వాచ్‌మన్లు ఇద్దరూ మాత్రం పోయారు. వాళ్ళిద్దరి నాన్నలూ బతికే ఉన్నారు. ఆ సంగతి వాళ్ళు ఎవరికీ చెప్పలేదు, వాళ్ళనెవరూ అడగలేదు. గేటు దగ్గర కర్ర అప్పజెప్పేటప్పుడు పెద్దాయన నన్ను పట్టుకుని, నేనెక్కడ తప్పు చెప్పానో చెప్పి పో అన్నాడు. 

మా తర్వాత నేర్పాల్సిన రెండో బ్యాచికి ఈ టీచరమ్మ అక్కర్లేదని కూడా అన్నారట. పంపు రూములో బోర్డు తీసుకోవడానికి వచ్చి, లిఫ్టు దగ్గర నిలబడింది. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను. నేను మార్చుకోమనే చెప్పాను కదా బాబాయ్ గారూ అంది. ఔనన్నాను. ఆ మాట పైన కూడా చెప్పానని చెప్పాలనిపించింది, చెప్పి ఏం లాభమనిపించింది. మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా అని అడిగాను. ఇన్నాళ్ళు ఆయన్ని రోజూ చంపుతూ ఆ ముక్క మాలో ఎవరమూ అడగలేదు. బస్సు డ్రైవరని చెప్పింది. బోర్డు పట్టుకుని, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీంచే వెళ్ళింది.

ఇంటికెళ్ళేసరికి నాన్న గుమ్మం పక్క కుర్చీలో ఉన్నాడు. చెప్పులు విడుస్తుండగానే స్టూలు ఉందా పోయిందా అన్నాడు. ఉందన్నాను. మూడు వేళ్ళ చేత్తో మోకాలు రుద్దుకున్నాడు.

"ఏమడిగార్రా?"

"నీ గురించి."

"నా గురించా? ఏం చెప్పావు?"

"ఉన్నావని చెప్పాను."

ఇంకేమన్నా ఉంటుందేమోనని నా ముఖంలోకి చూశాడు.

"అంతేనా?"

"అంతకు మించి ఇంగ్లీషు రాదు నాకు," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.